పారాణి కింద పాదం

అనగనగా, సముద్రం కోట మెట్ల దాకా వచ్చి రాజుగారిని పలకరించిపోయే కాలంలో, ముత్యాలరేవు అనే రాజ్యం ఉండేది. దాన్ని వీరభోజుడు ఏలేవాడు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు, పేరు హేమవల్లి. అడిగిందల్లా ఆ పిల్ల చేతిలో పెట్టేవారు. అడగనివి కూడా పెట్టేవారు.

ఒకనాడు కొమరశెట్టి అనే ఓడ వర్తకుడు దూరదేశం నుంచి వచ్చి రాకుమారికి ఒక చిన్న బుట్ట ఇచ్చాడు. ముత్యాలేమో అనుకుని ఆమె మూత తీసింది. లోపల బొద్దుగా, గుండ్రంగా, తోకన్నది లేకుండా ఒక బుల్లి జంతువు కూర్చుని గడ్డి నములుతోంది. ఇప్పుడు మన పిల్లలు గినీ పిగ్ అంటున్నారే, అదే. ముత్యాలరేవులో అలాంటిదాన్ని ఎవరూ చూసి ఎరగరు. ఎలుక అన్నారు కొందరు, కుందేలు అన్నారు కొందరు.

"రెండూ కాదు, ఇది బూరె!" అంది హేమవల్లి. చూడబోతే అప్పుడే నేతిలోంచి తీసిన బూరెలాగే ఉంది. ఆ పేరే ఖాయమైంది.

వెళ్లేముందు శెట్టి ఒక మాట చెప్పాడు. "అమ్మా, దీని తిండి పెద్ద పని కాదు. గడ్డీ ఆకూ వేస్తే చాలు. కానీ దీని అరికాళ్లు చాలా మెత్తన. ఒంటి బరువంతా వాటి మీదే. రోజూ ఒళ్లో పెట్టుకుని నాలుగు పాదాలూ ఎత్తి చూడండి. ఎరుపు, వాపు, పుండు, వంకర తిరిగిన గోరు, ఏది కనిపించినా వైద్యుడికి చెప్పండి. నొప్పి పుట్టినా ఇది బయటపడదు. నీరసంగా కనిపిస్తే ఏ జంతువైనా వచ్చి పట్టుకుపోతుందని దీని భయం."

"రోజూ చూస్తాను శెట్టిగారూ" అని హేమవల్లి మాట ఇచ్చింది.

మొదట్లో చూసింది కూడా. కానీ పాదం ఎత్తగానే బూరె కీచుకీచుమని గింజుకునేది. రాకుమారికి ప్రాణం ఉసూరుమనేది. "పాపం, దీన్ని ఏడిపించడం ఎందుకు?" అని ఒకరోజు మానేసింది. ఏమీ కాలేదు. మర్నాడు కూడా మానేసింది. అప్పుడూ ఏమీ కాలేదు. మానడం అలవాటు కావడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి!

చూడడం మానేసిందే గానీ ముద్దు మానలేదు. బూరెకి వెండి పంజరం చేయించింది. అడుగున కూడా వెండి తీగలే అల్లించింది, చెత్త కిందికి రాలిపోతుందని. మనం ఒక పూట ఆ తీగల మీద ఉత్తికాళ్లతో నిలబడి చూస్తే తెలిసేది, ఆ ముద్దు ఎంత గుచ్చుకుంటుందో.

అంతటితో ఆగలేదు. ఆ అంతఃపురంలో శుక్రవారం శుక్రవారం ఆడవాళ్లంతా పాదాలకు పారాణి పెట్టుకునేవారు. పసుపూ సున్నమూ కలిపితే వచ్చే ఎర్రటి రంగు అది. "బూరె మాత్రం ఈ ఇంటి ఆడపిల్ల కాదా?" అనుకుంది హేమవల్లి. దాని పాదాలు తిప్పి చూడకుండా, పైనుంచి పట్టుకుని, నాలుగూ పారాణి గిన్నెలో ముంచి తీసింది. చూసినవాళ్లు మురిసిపోయారు. "ఎంత ప్రేమమ్మా నీకు!" అని బుగ్గలు పుణికారు. ఆ మాట విన్నాక ఏ వారమూ పారాణి తప్పలేదు.

తీగలు ఒరుసుకుని బూరె అరికాలు ఎర్రబడింది. పెరిగిన గోరు వంగి లోపలికి దిగింది. చిన్న పుండు పడింది. దాని మీద సున్నం మండింది. ఎరుపు మీద ఎరుపు పడితే ఎవరికి కనిపిస్తుంది?

కొన్నాళ్లకు బూరె గడ్డి దగ్గరకు రావడం తగ్గించింది. హేమవల్లి కంగారుపడి ఆస్థాన వైద్యుడు సోమభట్టును పిలిపించింది. ఆయన మంచి వైద్యుడు, నెమ్మదైన మనిషి. "తల్లీ, పాదాలు రోజూ ఎత్తి చూస్తున్నావు కదా?" అని అడిగాడు.

హేమవల్లి చుట్టూ చూసింది. తండ్రి ఉన్నాడు, దాది ఉంది, బుగ్గలు పుణికినవాళ్లంతా ఉన్నారు. "రోజూ చూస్తున్నాను తాతగారూ" అంది.

కాళ్ల సంగతి అంతటితో పక్కన పెట్టి, అజీర్తి అనుకుని ఆయన వాము నీళ్లు పట్టించాడు. తగ్గలేదు.

రెండోసారి వచ్చాడు. మళ్లీ అదే అడిగాడు. ఈసారి నిజం చెబుదామనే అనుకుంది. కానీ మొదటిది అబద్ధమని తెలిసిపోతుందే! "చూస్తున్నాను" అంది, నేల చూస్తూ. చలి చేసిందేమోనని ఆయన వెచ్చటి గుడ్డలు కప్పించాడు. తగ్గలేదు.

మూడోసారి వచ్చేసరికి బూరె లేవలేకపోతోంది. పంజరంలో ఒక మూల ముడుచుకుని కళ్లు సగం మూసుకుంది. సోమభట్టు ఉగ్గుగిన్నెలో నల్లటి మందు కలిపాడు.

"మహారాజా, దీని కడుపులో గడ్డ ఉందని నా అనుమానం. ఉంటే ఈ మందు కరిగిస్తుంది. లేకపోతే ఇంత చిన్న ప్రాణం ఈ ఘాటుకు నిలవదు" అని చెప్పి, రాకుమారి వైపు తిరిగాడు. "అందుకే మళ్లీ అడుగుతున్నాను తల్లీ. పాదాలు చూశావు కదా?"

హేమవల్లికి చూశాననడం ఇప్పటికే అలవాటైపోయింది, నాలుక మీదే ఉంది. కానీ ఉగ్గుగిన్నె బూరె నోటి దగ్గరే ఉంది.

"పొయ్యకండి తాతగారూ!" అని ఆయన చెయ్యి పట్టేసుకుంది. "నేను చూడలేదు. శెట్టిగారు వెళ్లాక కొద్దిరోజులు చూసి మానేశాను. రెండుసార్లూ మీతో అబద్ధం చెప్పాను."

రాజుగారి ముఖం నల్లబడింది. సోమభట్టు మాత్రం గిన్నె కింద పెట్టి గట్టిగా ఊపిరి వదిలాడు. "అమ్మయ్య, బతికించావు. గోరువెచ్చని నీళ్లు తెప్పించండి" అన్నాడు.

బూరెను రాకుమారి ఒళ్లోనే ఉంచి, ఆయన ఒక్కో పాదం నీళ్లలో మెల్లగా కడిగాడు. పారాణి కరిగి నీళ్లు ఎర్రబడ్డాయి. మూడు పాదాలు కమిలి ఉన్నాయి. నాలుగోదానికి రేగుగింజంత వాపు, మధ్యలో పుండు, అందులోకి దిగిన గోరు. అది చూసి హేమవల్లి వెక్కివెక్కి ఏడ్చింది. "నేనే పెట్టాను తాతగారూ ఈ రంగు. ముద్దుగా ఉంటుందని నేనే పెట్టాను."

"నేనూ ఎరుపు చూశాను తల్లీ, పారాణే అనుకున్నాను. నీ మాట విని నా కళ్లకు పని చెప్పలేదు. ఈ తప్పులో నా వాటా నాది" అన్నాడు వైద్యుడు.

వెండి పంజరం తీసేశారు. గచ్చు మీద మెత్తటి ఎండుగడ్డి మందంగా పరిచారు. తడి తగిలితే వెంటనే మార్చడం హేమవల్లి పని. గోటిలోపలి నెత్తురు నరం తెగకుండా, కొసలు మాత్రం వైద్యుడు కత్తిరించాడు. పుండు కడిగి, తడి లేకుండా అద్ది, లేపనం రాశాడు. రోజూ ఇంత ఉసిరికాయ ముక్క తినిపించమన్నాడు. బూరె పాదం ఎత్తితే కీచుమని అరిచేది. ఇప్పుడా అరుపు మరీ ఎక్కువ. హేమవల్లి కన్నీళ్లు తుడుచుకుంటూనే దాని వీపు తన గుండెకు ఆనించి, కింద అరచెయ్యి ఆసరా ఇచ్చి, నాలుగు పాదాలూ చూసింది. ఒక్క రోజూ మానలేదు.

చాలా కాలానికి పుండు మానింది. అందులోకి దిగిన గోరు మాత్రం ఊడిపోయి మళ్లీ రాలేదు. బూరె బతికినన్నాళ్లూ కొంచెం కుంటుతూనే నడిచింది. ఆ కుంటు నడక చూసినప్పుడల్లా రాకుమారికి మనసు చివుక్కుమనేది. ఆమె ఆ బాధను ఎవరి దగ్గరా దాచుకోలేదు.

కాలక్రమాన ఆమె రాణి అయింది. మొదటిసారి నగరం చూడబోతే అధికారులు వీధి పొడుగునా రంగుల తివాచీలు పరిచారు. రాణి పల్లకీ దిగింది. అందరూ చూస్తుండగా నేల మీద కూర్చుని తివాచీ అంచు పట్టి ఎత్తింది. కింద మోకాలి లోతు గుంటలు. అధికారులు తలలు వంచుకున్నారు.

"దీన్ని చుట్టేయండి. జనం రోజూ నడిచే దారి నేనూ చూడాలి" అని, ఆ గుంటల మధ్యనే నడుచుకుంటూ వెళ్లింది హేమవల్లి.

నీతి: ప్రేమించినవారికి సింగారం చేసి మురిసిపోతే సరిపోదు, నొప్పి ఎక్కడుందో రోజూ చూడాలి, చూడని రోజున చూడలేదని నిజం చెప్పాలి.