దిడ్డి తలుపులు మూసిన ఊరు

ముందు ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టు. ఊఁ కొడుతూ వినాలి, తెలిసిందా? ఊఁ ఆగితే కథా ఆగుతుంది. ఇది నవ్వే కథ కాదే చిన్నీ, ముందే చెప్తున్నా. తర్వాత ముక్కు చీదుకుంటూ నన్ననకు.

అనగనగా, అంటే నేనూ పుట్టక, మా అమ్మా పుట్టక ముందు, ఒక ఊరు ఉండేదమ్మా. పేరు అడక్కు. మా అమ్మ నాకు చెప్పినప్పుడూ ఆ ఊరికి పేరు లేదు.

చూడ్డానికి అదేమంత ఊరు కాదు. వీధులు వంకర టింకరగా ఉండేవి. గోడలు పెచ్చులూడి ఉండేవి. వానొచ్చిందంటే మోకాళ్ళ దాకా బురద. అయినా సరే, ఆ ఊరికి కాపరానికొచ్చిన కోడలు పుట్టింటికి వెళ్తే నాలుగు రోజులకే బెంగ పెట్టుకునేది. ఆ బురద ఊరి మీద బెంగ! వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుని మళ్ళీ బండెక్కించేది.

ఎందుకంటావా? ఆ ఊళ్ళో ఇంటికీ ఇంటికీ మధ్య గోడలో ఒక చిన్న తలుపు ఉండేది. దాన్ని దిడ్డి అంటారు. తల వంచి దూరాలి. దానికి గడియ ఉండదు. పొద్దున్నే మొహం కడుక్కోగానే ఇల్లాలు వెళ్ళి పక్కింటి దిడ్డి నెట్టి "లేచారా?" అనేది. "లేచాం" అని వాళ్ళు పలికేవాళ్ళు. అప్పుడు వాళ్ళు వెళ్ళి ఆ పక్కింటి దిడ్డి నెట్టేవాళ్ళు. అలా ఆ పిలుపు ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళేది. అది వెళ్ళాకే పొయ్యిలు వెలిగించేవాళ్ళు.

ఎవరైనా పలకలేదనుకో, లోపలికి వెళ్ళి చూసేవాళ్ళు. జ్వరమైతే కషాయం కాచి పోసేవాళ్ళు. పొయ్యిలో పిల్లి లేవలేదా, ఒక గిన్నెడు అన్నం తెచ్చిపెట్టేవాళ్ళు. నొప్పులు పడుతుంటే మంత్రసానికి కబురు వెళ్ళేది. ఒకరు అడగాల్సిన పనీ లేదు, ఇంకొకరు సిగ్గుపడాల్సిన పనీ లేదు.

ఆ ఊళ్ళో చిట్టచివరి ఇంట్లో పేరిందేవి అని ఒక ముసలావిడ ఉండేది. ఊరందరికంటే పెద్దది. మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. ఊళ్ళో సగం మందికి పసితనంలో నలుగు పెట్టి కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసిన చెయ్యి ఆవిడది. పాపం, మోకాళ్ళు పట్టేశాయి. వీధి గుమ్మం మెట్లు బాగా ఎత్తు, దిగలేదు. ఇక ఆవిడకి లోకమంతా ఆ దిడ్డే.

దిడ్డికి అటువైపు ఇల్లు ఊరి పెద్ద గవర్రాజుది. గవర్రాజు పెళ్ళాం తాయారమ్మ రోజూ దిడ్డి నెట్టి, "లేచావా పిన్నీ?" అనేది.

"లేచానే తాయారూ, ఇవాళ్టికీ లేచాను" అనేది పేరిందేవి.

ఆ తర్వాత తాయారమ్మ ఒక చెంబుడు నీళ్ళు తెచ్చి ఆవిడ పక్కన పెట్టేది. కూర ఏం వండాలో అడిగేది. ఇంత మాట్లాడుకుని, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ మళ్ళీ దిడ్డిలోంచి వచ్చేసేది. ముసలావిడ ఆ కాస్త మాట మీదే రోజంతా బతికేది.

ఊఁ కొట్టవేం? ఆఁ, అలాగ.

ఒక రోజు దండోరా వేశారు. రాజుగారు తన రాజ్యంలో అన్నిటికంటే మంచి ఊరేదో చూడ్డానికి బయల్దేరుతున్నారు. ఏ ఊరు నచ్చితే ఆ ఊరికి సింహద్వారం కట్టిస్తారు. ఆ ఊళ్ళో అందరికంటే పెద్దావిడకి తన చేత్తో పట్టుచీర ఇస్తారు. ఇదీ దండోరా. ఇంకేముంది, ఊరంతా ఉర్రూతలూగిపోయింది. పక్క ఊరివాళ్ళ ముందు తలెత్తుకు తిరగాలని ఎప్పట్నించో వాళ్ళకి ఉబలాటం.

రాజుగారి కంటే ముందు ఆయన మనుషులు వచ్చారు. వచ్చి, "వీధులు వంకరగా ఉన్నాయే" అన్నారు. అప్పుడు ఊరంతా కలిసి వీధులు చక్కజేశారు. వాళ్ళు రెండోసారి వచ్చి, "గోడలు నల్లగా ఉన్నాయే" అన్నారు. అప్పుడు సున్నాలు వేశారు. మూడోసారి వచ్చి అటూ ఇటూ చూసి, "అంతా బాగుంది గానీ, గోడలకి ఈ కన్నాలేమిటయ్యా? ఇవి ఇళ్ళా, ఎలక కలుగులా?" అని నవ్వారు.

అన్నాళ్ళూ ఆ దిడ్లు చూసి ఎవరూ సిగ్గుపడలేదు. ఆ నవ్వు విన్నాక అందరికీ సిగ్గేసింది. మర్నాడే గవర్రాజు తాపీవాళ్ళని పిలిచాడు. దిడ్లన్నీ ఇటికలు పెట్టి మూసెయ్యమన్నాడు.

అన్ని ఇళ్ళూ అయ్యాక పేరిందేవి ఇంటికి వచ్చారు. ఆవిడ దిడ్డికి అడ్డంగా చాప వేసుకుని కూర్చుంది.

"నా ఒక్క గోడ వదిలెయ్యి నాయనా గవర్రాజూ. ఈ మూలకి రాజుగారు వచ్చి చూస్తారా? నాకు ప్రాణం మీదికొస్తే పిలవడానికి ఇదొక్కటే దారి" అంది.

గవర్రాజు చెడ్డవాడు కాదే. ఆవిడ పోసిన నీళ్ళతో పెరిగినవాడే. వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "రాజుగారు అటు వెళ్ళగానే నేనే తీయిస్తాను పిన్నీ. ఊరి పరువు కదా, ఈ కాస్త ఓర్చుకో" అన్నాడు.

తాయారమ్మ కూడా బతిమాలింది. "నేను రోజూ వీధిలోంచి వచ్చి చూస్తాగా. నీకేం భయం లేదు."

"మాటేనా?" అని అడిగింది ముసలావిడ.

"మాటే పిన్నీ."

పేరిందేవి చాప పక్కకి జరుపుకుంది. వాళ్ళు గోడ కట్టేశారు. సున్నం వేశాక అక్కడ తలుపుండేదని ఎవరూ చెప్పలేరు.

మొదటి రోజు తాయారమ్మ పొద్దున్నే వెళ్ళింది. కానీ చిన్నీ, దిడ్డిలోంచి అయితే తడి చేత్తో వెళ్ళొచ్చు. వీధిలోంచి వెళ్ళాలంటే చీర మార్చుకోవాలి, ఇంటికి తలుపు వేసుకోవాలి, ఎదురైనవాళ్ళని పలకరించాలి. ఊరికే వెళ్ళొచ్చే పని కాస్తా బయల్దేరి వెళ్ళాల్సిన పని అయింది. అందుకని మర్నాడు భోజనాలయ్యాక వెళ్ళింది. ఆ మర్నాడు రాజుగారి కోసం అరిసెలకి పిండి కొడుతున్నారు. ఇంటి నిండా మనుషులు. రేపు వెళ్తాలే అనుకుంది.

ఆ రేపే రాజుగారు వచ్చారు.

వీధుల్లో తోరణాలు, గుమ్మాల్లో ముగ్గులు. రాజుగారు పల్లకీ దిగి ఊరంతా నడిచారు. ఎక్కడా బురద లేదు, ఎక్కడా పెచ్చు లేదు. ఆయనకి బాగా నచ్చింది. "ఇదే మంచి ఊరు. సింహద్వారం ఈ ఊరికే" అన్నారు. వాళ్ళ సంతోషం ఏం చెప్పను! గవర్రాజుని భుజాల మీద ఎక్కించుకున్నారు.

అప్పుడు రాజుగారు పట్టుచీర చేతిలోకి తీసుకుని, "ఊళ్ళో అందరికంటే పెద్దావిడ ఎవరు?" అని అడిగారు.

"పేరిందేవి! పేరిందేవి!" అన్నారు అందరూ. డప్పులు వాయించుకుంటూ చివరి ఇంటికి వెళ్ళారు. తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది. గవర్రాజు తట్టాడు. తాయారమ్మ పిలిచింది. ఊరంతా కలిసి పిలిచింది. డప్పులు ఆగిపోయాయి.

తలుపు ఊడదీసి లోపలికి వెళ్ళారు. పేరిందేవి తన మంచం మీద లేదు. మూసేసిన దిడ్డి దగ్గర, గోడకి ఆనుకుని చాప వేసుకుని పడుకుని ఉంది. పక్కన నీళ్ళ చెంబు ఖాళీగా ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. జ్వరమొచ్చి ఉంటుంది. దాహమై ఉంటుంది. ఎంతసేపు పిలిచిందో తల్లి, ఎవరికి తెలుసు?

ఉండు, కాసిని నీళ్ళు తాగనీ.

ఆ తర్వాత రాజుగారు వంగి, ఆ పట్టుచీర మడతలు విప్పి ఆవిడ మీద కప్పారు. కప్పి, ఆ తెల్లటి గోడ వైపు చూశారు.

"ఈ గోడకి అవతల ఎవరుంటారు?" అని అడిగారు.

అప్పుడు తాయారమ్మ ముందుకొచ్చింది. "నేనేనండి" అంది.

"పిలిస్తే వినపడదా అమ్మా?"

"ఇదివరకు వినపడేదండి" అంది తాయారమ్మ.

రాజుగారు పల్లకీ ఎక్కకుండా, ఊరు దాటేదాకా నడిచే వెళ్ళారు.

ఏమిటే? సింహద్వారమా? కట్టించారు, మాటిచ్చారుగా. చాలా పెద్దది. దారిన పోయేవాళ్ళు బళ్ళు ఆపుకుని చూసేవాళ్ళు. ఆ ఊరివాళ్ళు మాత్రం దాని కింద నుంచి తల దించుకుని వెళ్ళేవాళ్ళు.

దిడ్లు కూడా తెరిచారు. రాజుగారు వెళ్ళిన సాయంత్రమే గవర్రాజు గునపం తీసుకుని, తాపీవాళ్ళని రానీకుండా, పేరిందేవి గోడ తనే పగలగొట్టాడు. ఊరంతా ఎవరి గోడ వాళ్ళు పగలగొట్టుకున్నారు. ఆ దుమ్ములోంచి తాయారమ్మ తల వంచి అవతలికి దూరింది. ఇల్లంతా ఖాళీ. చాప ఎవరో చుట్టి మూలకి నిలబెట్టారు. చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఆ నేల మీద పెట్టి, దాని పక్కన కూర్చుని పొద్దుపోయేదాకా ఏడ్చింది. తెచ్చిన నీళ్ళు తాగడానికి ఎవరున్నారే అక్కడ?

రా, ఇటు జరుగు. ఏడవకు మరి, ముందే చెప్పానుగా.

కథ కదిలింది కంచికి,
కునుకు కదిలింది కంటికి,
పేరిందేవి వెళ్ళింది దేవుడింటికి,
మనమెళ్దాం మనింటికి.