గూట్లో స్వామి

అనగనగా ఒక ఊరుండేది బంగారూ. ఎండ తప్ప ఇంకేదీ ధారాళంగా దొరకని ఊరు. ఆ ఊళ్ళో తిప్పక్క అని ఒకామె. వాళ్ళింట్లో పట్టుపురుగుల్ని పెంచేవాళ్ళు. అవి కట్టిన గూళ్ళు ఉడికించి దారం తీసేవాళ్ళు. ఆ దారంతో తిప్పక్క మొగుడు సుంకన్న బట్ట నేసేవాడు. ఏటా కొండమీది స్వామి పెళ్ళికి పట్టుపంచె వాళ్ళింటి నుంచే పోవాలి. అది తాతల నాటి కట్టుబాటు.

పట్టుపురుగు నీ చిటికెనవేలంత ఉంటుంది. వెయ్యి పురుగులు కలిసి మల్బరీ ఆకు తింటుంటే బయట వాన పడుతున్నట్టే వినిపిస్తుంది. ఆ ఊరి పిల్లల్లో చాలామందికి వాన చప్పుడు అలాగే తెలుసు. సరే, ఎక్కడున్నాం? తిప్పక్క దగ్గర.

ఆ ఏడు ఒక ఆచారిగారు వచ్చి గుడి మండపంలో శాస్త్రం చెప్పాడు. దేవుడు ఎక్కడినుంచో మట్టి తెచ్చి లోకాన్ని చెయ్యలేదన్నాడు. సాలెపురుగు తనలోంచే దారం తీసి గూడు అల్లినట్టు, తనలోంచే తీశాడన్నాడు. తీసి వదిలిపోలేదు, అందులోనే ఉన్నాడన్నాడు. అందరూ చేతులు జోడించి ఇళ్ళకు వెళ్ళిపోయారు. తిప్పక్క మాత్రం ఆలోచనలో పడింది. సాలెపురుగుదేముంది, చీపురుతో దులిపితే పారిపోతుంది. తనలోంచి దారం తీసి, చుట్టూ అల్లుకుని, ఇక కదలకుండా లోపలే ఉండిపోయేది ఆమెకు తెలిసి ఒక్కటే.

మర్నాడు కాగులో నీళ్ళు మరిగాయి. తిప్పక్క ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల ఉన్నది గలగలమంది. ఇక ఆమె చెయ్యి కాగు మీదికి పోలేదు.

అప్పుడు ఆచారిగారి దగ్గరికి వెళ్ళింది. స్వామి గూట్లో ఉంటే నేను ఉడికిస్తున్నది ఎవరిని సామీ అని అడిగింది. ఆయన మంచివాడే. పోలికను ఉన్నంతవరకే తీసుకోవాలి, మరీ లాగితే తెగుతుందన్నాడు. అని, ఒళ్ళో జారిన పట్టుపంచె సర్దుకున్నాడు.

ఆ తర్వాత సుంకన్నను అడిగింది. "నీకు బ్రహ్మజ్ఞానం వచ్చింది సరే. నాకు సంగటి ఎప్పుడొస్తుందే?" అన్నాడు సుంకన్న, ఖాళీ మగ్గం ముందు కూర్చుని.

ఆ తర్వాత అత్తను అడిగింది. నలభై ఏళ్ళు వేణ్ణీళ్ళలో దారం కొసలు వెతికి వెతికి ఆ ముసలామె వేళ్ళు తెల్లగా నానిపోయి ఉండేవి. "నాకూ ఒకసారి తోచింది బిడ్డా. ఎవర్నీ అడగలేదు. అడిగితే ఇక చెయ్యాడదు," అంది. అని తనే లేచి గూళ్ళను కాగులో పోసింది.

ఒక్క చేటెడు మాత్రం తిప్పక్క ఒళ్ళో పెట్టుకుని ఇవ్వలేదు. ఈ కాసిన్నింట్లోనైనా స్వామి బతికితే చాలనుకుంది.

కొన్నాళ్ళకు ఆ గూళ్ళు చిల్లులు పడి, తెల్లటి రెక్కల పురుగులు బయటికొచ్చాయి. మొదటిరోజు చేటను వాకిట్లో పెట్టి ఎగరమంది. ఎగరలేదు. తరతరాలుగా మనుషుల ఇళ్ళల్లో పెరిగిన జాతి బంగారూ, రెక్కలున్నాయి గానీ ఎగరడం మరిచిపోయింది. రెండోరోజు బెల్లంనీళ్ళు పెట్టింది. ముట్టలేదు. రెక్కలొచ్చాక వాటికి తినే నోరే ఉండదు. మూడోరోజు గుడ్లు పెట్టి, ఒకదాని పక్కన ఒకటి వాలిపోయాయి.

ఆ తర్వాత గుడ్లు పిల్లలయ్యాయి. నల్లటి నూలుముక్కల్లా వందలకు వందలు. అప్పటికి తోటలో మల్బరీ ఎండిపోయింది. తిప్పక్క లేత ఆకు కోసం మూడూళ్ళు తిరిగింది. మూడో ఊళ్ళో ఎవరో దయతలిచి గుప్పెడిచ్చారు. కొంగున కట్టుకుని వచ్చేసరికి చేటలో కదిలేది ఏదీ లేదు.

ఉడికిస్తే అలా. ఉడికించకపోతే ఇలా.

స్వామి పెళ్ళినాడు తిప్పక్క కొండెక్కింది. అత్త తీసిన దారంతో సుంకన్న నేసిన పంచె కట్టుకుని స్వామి పీటల మీద మెరిసిపోతున్నాడు. జనంలో నిలబడి, పక్కవాళ్ళకు వినపడకుండా ఆయన్నే అడిగింది.

"ఉడికిందీ నువ్వే. కట్టుకుందీ నువ్వే. ఆకలికి ఎండిపోయిందీ నువ్వే. మధ్యలో నా చేతులెందుకయ్యా?"

స్వామి ఏమన్నాడా? ఏమీ అనలేదమ్మా. అప్పుడే ముహూర్తమయింది, మేళం గట్టిగా వాయించారు.

ఆ తర్వాతి పంటకు తిప్పక్క మళ్ళీ కాగు ముందే కూర్చుంది. ఇంకెక్కడ కూర్చుంటుంది?

కథ పోయింది కంచికి,
పట్టు పోయింది స్వామికి,
పోదాం మనమూ ఇంటికి.