మేడ హోటల్ బల్ల మీద ఐదుగురు

"మనిషి ఒకటి, కాగితం ఇంకొకటి చెబితే దేన్ని నమ్మాలి మాస్టారూ?" అని అడిగాడు నాగభూషణం. ఊళ్ల చరిత్రలు రాయడం నేర్చుకోవాలని కోదండపాణి మాస్టారి దగ్గర చేరినవాడు. మాస్టారు ఇలాంటివాటికి సూటిగా జవాబివ్వరు. తను చేసిన తప్పొకటి చెబుతారు. ఆ రోజు చెప్పింది ఇది.

మా తాలూకా పట్నంలో మేడ హోటల్‌కు డెబ్బై ఐదేళ్లు నిండాయి. ఆ పండక్కి పాత ఫోటోలు ఏ ఏడాదివో తేల్చే పని యజమాని మాస్టారికి అప్పగించాడు. ఒక ఫోటోలో ఐదుగురు కుర్రవాళ్లు లోపలి బల్ల మీద కూర్చుని, గాజు గ్లాసులు పట్టుకుని ఉన్నారు. దేవసహాయం అనే ముసలాయన వచ్చి చివరివాణ్ణి వేలితో చూపించాడు.

"ఇది నేనే బాబూ. యాభై ఏడులో. మాలపల్లె నుంచి ఐదుగురం వెళ్లాం. అంతకుముందు మాకు బయటే, కొబ్బరి చిప్పలో పోసేవాళ్లు. మూడుసార్లు కొట్టి తరిమారు. నాలుగోసారికి కూర్చోనిచ్చారు. అప్పుడు తీసిందే ఇది."

కాఫీ తాగడానికి కూడా తల పగలగొట్టించుకోవలసి వచ్చిన దేశం ఇది. మర్చిపోయినవాళ్లు సుఖంగా ఉన్నారు.

మాస్టారు భూతద్దం తీశారు. వెనక గోడ మీద లక్ష్మీదేవి క్యాలెండరు, దాని కింద 1948 అన్న అంకెలు స్పష్టంగా కనిపించాయి. "నలభై ఎనిమిదిలో మీకు పదేళ్లు. ఈ కుర్రాడికి మీసాలొచ్చాయి. ఇది మీరు కాదు" అన్నారు.

యజమాని ప్రాణం కుదుటపడింది. "శుభమా అని పండగ చేసుకుంటుంటే పాత గొడవలెందుకండీ!" అంటూ కింద 'మా అతిథులు, 1948' అని రాయించి గోడకు పెట్టాడు. దేవసహాయం ఫోటోను ఇంకోసారి చూసుకుని వెళ్లిపోయాడు.

ఏడాది తిరిగాక మాస్టారు ఏదో పనిమీద అదే హోటల్ వంటింట్లోకి వెళ్లారు. పొయ్యి పక్క గోడకు పదకొండేళ్ల నాటి క్యాలెండరు, అమ్మవారి నుదుట కుంకుమ. ఇంకా ఉంచారేమని అడిగితే వంటావిడ నవ్వింది.

"బాగుంది వరస! ఏడాది అయిపోయిందని అమ్మవారిని చెత్తబుట్టలో పారేస్తామా? మీ ఇంట్లో పారేస్తారా ఏమిటి?"

మాస్టారి ఇంట్లోనూ పారేయరు.

అక్కణ్ణుంచి నేరుగా దేవసహాయం ఇంటికి వెళ్లి, "తప్పు నాది. ఆ ఫోటోలో ఉన్నది మీరే" అన్నారు. ముసలాయన కుర్చీ తుడిచి వేశాడు. "ఎందుకులెండి బాబూ. తమరు చదువుకున్నోరు, అద్దం పెట్టి చూసి చెప్పారు. నేనే పొరబడ్డాననుకున్నా. అది నేను కాదని పిల్లలకీ చెప్పేశాను. ఈ వయసులో మళ్లీ మాట మార్చమంటారా?"

మాస్టారు అక్కడితో చెప్పడం ఆపారు. నాగభూషణం ఉండబట్టలేక, "మరి కింద రాత మార్పించారా?" అన్నాడు.

"ఆ సాయంత్రమే. పేర్లతో సహా" అన్నారు మాస్టారు. "ఆయన చూడ్డానికి రాలేదు. మనవరాలు వచ్చింది. పేరు చదివి, 'ఇది మా తాత కాదండీ, ఆయనే చెప్పాడు' అంది."