రేటు తగ్గించిన పైడయ్య

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డు మేడల కిటికీ అద్దాలు కడిగి బతికే పైడయ్యకు పని బాగా వచ్చు కానీ, పక్కవాడు ఏం చేస్తున్నాడోనన్న ధ్యాస మరీ ఎక్కువగా ఉండేది.

ఒక వేసవిలో ఇద్దరు అన్నదమ్ములు ఊళ్ళోకి కొత్తగా వచ్చి అదే పని మొదలుపెట్టారు. పైడయ్య తీసుకునే దాంట్లో సగమే అడిగేవాళ్ళు. ఇక పైడయ్య ఏ గుమ్మం తొక్కినా ఒకటే మాట. "వాళ్ళు సగానికే చేస్తామంటున్నారు కదయ్యా!"

వినీ వినీ అతనికి తల వాచిపోయింది. "నిన్న కాక మొన్న వచ్చారు! వైపర్ పట్టుకోవడం కూడా రాదు!" అంటూ కంచం ముందు కూర్చుని కూడా చిందులు తొక్కేవాడు.

"వాళ్ళ గోల మనకెందుకు? నిన్ను పిలిచేవాళ్ళు పిలుస్తూనే ఉన్నారుగా," అంది భార్య రాములమ్మ.

"నీకేం తెలుసు! వాళ్ళకంటే తక్కువకు చేసి, వచ్చిన దారినే పంపిస్తాను చూడు," అన్నాడు పైడయ్య.

అన్నట్టే రేటు తగ్గించాడు. పని విరగబడి వచ్చింది. కానీ ఆ రేటుతో ఇల్లు గడవాలంటే పొద్దున్నుంచి పరుగులే. ముందు నీళ్ళు కొట్టి, సముద్రపు గాలికి పట్టిన ఇసుకా ఉప్పూ పోయాకే గుడ్డ పెట్టడం అతని అలవాటు. ఇప్పుడంత తీరిక ఎక్కడిది? పొడిగుడ్డతో బరబరా రుద్దేసి పోయేవాడు.

ఏళ్ళ తరబడి అతన్నే పిలిచే సత్యవతమ్మ మంచం దిగలేని మనిషి. కిటికీలోంచి పడవలు చూడటమే ఆమెకు కాలక్షేపం. ఆ కిటికీనీ పైడయ్య అలాగే రుద్దాడు. ఎండ పడగానే అద్దం నిండా ఇసుక గీసిన గీతలు తేలాయి.

"ఇదేమిటయ్యా? ఒక్క పడవా సరిగ్గా కనబడటం లేదు," అందామె.

"ఈ రేటుకి ఇంతకంటే ఎలా కుదురుతుందమ్మా?" అని విసుక్కున్నాడు పైడయ్య.

"రేటు తగ్గించమని నేను నిన్ను అడిగానా?"

పైడయ్య తన ఖర్చుతో కొత్త అద్దం వేయించాడు. అయినా మరుసటి నెల ఆ కిటికీ దగ్గర అన్నదమ్ములే కనిపించారు. ముందు నీళ్ళు కొట్టి, ఆ తర్వాతే గుడ్డ పెడుతున్నారు. పైడయ్యకు ఒళ్ళు మండింది. కానీ ఈసారి తిట్టుకోవడానికి తను తప్ప ఎవరూ దొరకలేదు.

ఆ తర్వాత అతను పాత రేటే అడిగాడు, పాత పద్ధతిలోనే కడిగాడు. కొందరు వద్దన్నారు, కొందరు ఉండిపోయారు. సత్యవతమ్మ మాత్రం మళ్ళీ పిలవలేదు.

నీతి: పోటీకి వచ్చినవాడి మీద కోపంతో మన పనిని మనమే పాడుచేసుకుంటే, మనల్ని ఓడించడానికి ఇంకొకరు అక్కర్లేదు.