మచ్చవ్వ దగ్గర ఆగని గొంతు

ముసురు పట్టిందంటే మేకలగుట్ట మీద పక్కనున్న మేక కూడా కనబడదు. అందుకని మేకలన్నీ పిల్లల్ని తోలుకుని గుహలో దూరి, ముళ్ళకంప అడ్డం వేసుకుంటాయి. గుహ ముందు చిన్న బండ, అది దాటితే లోయ. బయటినుంచి ఎవరైనా పిలిస్తే మొహం చూసి కంప తీసే వీల్లేదు, వంశం అడిగే తీయాలి. బయటివాళ్ళొక పేరు, లోపలివాళ్ళొక పేరు, అమ్మ నుంచి పైపైకి చెప్పుకుంటూ పోవాలి. ఇద్దరికీ ఒకే అవ్వ తగిలిందా, "కలిశాం" అని అక్కడే ఆగిపోవాలి. ఇంతకన్నా తిన్నగా నాకు చెప్పడం రాదు.

ఆ మధ్యాహ్నం కంప అవతల గొంతు వినబడింది.

"అవ్వా, తడిసి చస్తున్నాను. నేను మీదాన్నే."

మేక గొంతే. గిట్టల చప్పుడు మాత్రం లేదు.

కాపలా ముసలి బొల్లవ్వది. "ఎవరి పిల్లవే?"

"జాజి కూతుర్ని."

లోపల అందరూ మొహాలు చూసుకున్నారు. జాజి ఎప్పుడో లోయలోకి మేతకెళ్ళి తిరిగిరాలేదు.

"పాపం, ఎక్కడో బతికి పిల్లను కన్నదన్నమాట," అన్నాడు మేకపోతు బండకొమ్ము.

"మా అమ్మ చుక్కవ్వ," అంది బొల్లవ్వ.

"జాజి అమ్మ మచ్చవ్వ."

"చుక్కవ్వ అమ్మా మచ్చవ్వే."

ఇంకేం, కలిసిపోయారు. బండకొమ్ము కంపకు కొమ్ము తగిలించాడు కూడా. బయటి గొంతు మాత్రం ఆగలేదు.

"మచ్చవ్వ అమ్మ గవ్వ. గవ్వ అమ్మ..."

గవ్వ బొల్లవ్వ కడుపున పుట్టిన పిల్ల. నిరుడు ముసురులో తప్పిపోయింది.

బొల్లవ్వ అడ్డం వచ్చి కంప తీయకుండా ఆపింది. బండకొమ్ము చెవిలో గుసగుసగా అంది: "జాజి, మచ్చవ్వ, గవ్వ... తప్పిపోయినవాళ్ళ కోసం మనం లోయ అంచున నిలబడి పిలిచిన పేర్లురా ఇవి. పిలిచినప్పుడల్లా లోయలో ఉండే దుమ్ములగొండి కింద ఎముకలు కొరుకుతూ వింది, బయటున్నది అదే. పేర్లు పట్టుకుంది గానీ, ఎవరు ఎవరి కడుపున పుట్టారో దానికేం తెలుసు? మచ్చవ్వ దగ్గర గుడ్డిగా తగిలింది, అంతే."

తర్వాత గొంతు సవరించుకుని పైకే అంది: "కలిశాం తల్లీ. ఎదురుగా నిలబడు, తీస్తున్నాం."

కంప పక్కకు జరిగిందో లేదో, బండకొమ్ము తల వంచి దూకాడు. దుమ్ములగొండి బండ మీంచి లోయలోకి పోయింది. పడుతూ అరిచిన అరుపు మేకది కాదు.

ఏడాదిగా బొల్లవ్వ, గవ్వ వస్తుందేమోనని కంప పక్కనే పడుకునేది. ఆ రోజు గవ్వ ఇక రాదని ఏడ్చి ఏడ్చి, లోపలికి పోయి పిల్లల మధ్య పడుకుంది.

చుట్టరికం చెప్పుకుంటూ వచ్చినవాడు కలిసిన చోట ఆగకపోతే, ఆ పేర్లు వాడికెలా దొరికాయో ఆలోచించండి.