నలభయ్యో రోజు

హుస్సేన్ పీరా చెల్లెలి కోసం పట్టిన దీక్ష ఆ రోజుతో నలభై రోజులకు వచ్చింది. జైతూన్‌కు మాత్రం నయం కాలేదు.

జైతూన్ బట్టలు కుట్టేది. కిందటి ఏడు ఉన్నట్టుండి ఆమెకు ఎవరివో గొంతులు వినపడటం మొదలైంది. పట్నం ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. కాస్త కుదుటపడింది. ఇంతలో హుస్సేన్ పీరా దర్గాలో గఫూర్ షా బాబాకు శిష్యుడయ్యాడు. దేవుడి మీద నమ్మకమున్నవాడికి మాత్రలెందుకనుకొని, బాబాకు మాటైనా చెప్పకుండా వాటిని పెట్టెలో పడేశాడు. రోజూ జపం చేసి చెల్లెలి నుదుట ఊదేవాడు.

ఇప్పుడామె అన్నం ముట్టడం లేదు. చెవుల్లో గుడ్డపేలికలు కుక్కుకుంటోంది.

ఆ ఉదయం అతను చెల్లెల్ని వెంటబెట్టుకుని దర్గాకు వచ్చాడు. బాబా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"బాబా, నా దువాలో లోపం ఎక్కడుంది? నా పాపమా, దాని పాపమా?"

బాబా లేచి, "ఇద్దరూ రండి," అంటూ వరండాలోకి నడిచాడు.

అక్కడ వకుళ అనే డాక్టరమ్మ, ఒక నర్సు బల్ల వేసుకుని కూర్చున్నారు. మనసు జబ్బుతో దర్గాకు వచ్చేవాళ్ళలో ఇష్టపడ్డవాళ్ళ దగ్గర పరిశోధన కోసం రక్తం తీసుకోవడానికి బాబాను అడిగి వచ్చారు.

"నెత్తుట్లో ఏం వెతుకుతారమ్మా?" అనడిగాడు హుస్సేన్ పీరా. ఆ గొంతులో కొంచెం కోపముంది.

"మన ఒంట్లో రోగాల మీద పోరాడే జన్యువులుంటాయి," అంది డాక్టరమ్మ. "ఇలాంటి జబ్బు ముదిరిన కొందరిలో అవి మామూలు కంటే ఎక్కువ పని చేస్తున్నట్టు రక్తంలో కనిపిస్తోంది. ఎందుకో ఇంకా తెలీదు. తెలుసుకోవాలనే ఈ తంటా."

జైతూన్ చెవిలోంచి గుడ్డ తీసింది. చాలా రోజుల తరవాత ఆమె నోరు విప్పింది.

"నేను చెడ్డదాన్నని చెవిలో వాళ్ళంటున్నారు. అది నెత్తుట్లో కనిపిస్తుందా?"

హుస్సేన్ పీరా తల దించుకున్నాడు.

బాబా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "జబ్బు లేనివాళ్ళ నెత్తురు కూడా పోల్చుకోడానికి కావాలన్నారుగా. ముందు నాది తీయండి."

నర్సు రక్తం తీసింది. "దీన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పాలి బాబా," అంటే ఆ గాజు గొట్టాన్ని ఆయనే తీసుకుని పసిబిడ్డను ఊపినట్టు తిప్పాడు.

అది చూసి జైతూన్ కూడా వచ్చి కూర్చుంది. "ఇష్టం లేకపోతే వద్దమ్మా," అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. "తీయండి," అంది జైతూన్.

బాబా ఆ గొట్టాన్నీ అందుకున్నాడు. రెండింటి మీదా అంకెలే తప్ప పేర్లు లేవు. వాటిని పక్కపక్కన పట్టుకుని జైతూన్ ముందు పెట్టాడు.

"ఇందులో ఈ పీరు బాబాది ఏదో, నీది ఏదో చెప్పు తల్లీ."

జైతూన్ వంగి చూసింది. ఎడమది చూసింది, కుడిది చూసింది. మళ్ళీ ఎడమది చూసింది.

"తెలీడం లేదు బాబా."

"నాకూ తెలీడం లేదు."

ఆమె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని హుస్సేన్ పీరాకు గుండెల మీది బండ పక్కకు దొర్లినట్టయింది. అక్కడే గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే మాత్రల సంగతి చెప్పేశాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. "జబ్బు రావడం ఎవరి తప్పూ కాదు. మాత్రలు మాత్రం మానిపించకూడదు," అంది. జైతూన్‌ను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. మోతాదు మార్చి కొత్త చీటీ రాసింది. మధ్యాహ్నానికల్లా హుస్సేన్ పీరా మాత్రలు తెచ్చాడు.

బాబా గ్లాసుతో నీళ్ళు తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని దువా చదివి నీళ్ళలోకి ఊదాడు. ఆ నీళ్ళు జైతూన్‌కిచ్చి, రెండో చేతిలో మాత్ర పెట్టాడు.

నెల తిరిగింది. గొంతులు పూర్తిగా పోలేదు గానీ, దూరమయ్యాయంది జైతూన్. ఒక పొద్దున తనే పొయ్యి దగ్గరికి వచ్చి, "భయ్యా, గోంగూర పచ్చడి అయిపోయిందా?" అనడిగింది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

హుస్సేన్ పీరా పరుగున దర్గాకు వచ్చాడు. బాబా భోజనానికి కూర్చుని ఉన్నాడు.

"బాబా, ఒక్కటి చెప్పండి. దాన్ని నిలబెట్టింది మీరూదిన నీళ్ళా, ఆ మాత్రా?"

"అమ్మాయి అన్నం తిందా?"

"తింది బాబా. కడుపు నిండా తింది."

బాబా పళ్ళెం అతని వైపు జరిపాడు.

"అయితే నువ్వూ తిను."