పూలమ్మ నేర్చుకున్న ఇరవై ఒకటి

మొక్కజొన్న చేను చివర తాటాకు కప్పిన పశువుల పాక ఒకటి ఉండేది. అందులో ఓ ముసలి ఎద్దు, రెండు మేకలు, అయిదారు బాతులు, పాతిక దాకా కోళ్ళు కాపురం చేసేవి. ఎవరి గోల వాళ్ళదే గానీ, ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. లెక్క కావాలంటే ముంగిస చలమయ్యనే అడగాలి. చలమయ్య గడ్డివాము కింద బొరియలో ఉంటాడు. పాముల్ని చంపుతాడు కాబట్టి పెద్దమనిషి. మేక ఈనడానికి ఇంకా ఎన్నాళ్ళుందో, బాతు గుడ్డు ఎన్నాళ్ళకు పగులుతుందో టక్కున చెప్పేస్తాడు. అందరూ నోరు తెరుచుకుని వింటారు. సరిచూసే ఓపిక ఎవరికీ లేదు. సరిచూడటం వచ్చినవాళ్ళు అసలే తక్కువ.

ఆ వచ్చినవాళ్ళలో మా పూలమ్మ లేదు.

పూలమ్మ అంటే ఒంటినిండా ఎరుపు, నలుపు, తెలుపు చుక్కలున్న కోడిపెట్ట. మాటలో చురుకు, నడకలో చురుకు. ఎక్కడ గింజ రాలినా మొదటి ముక్కు తనదే. కానీ ఎవరైనా "ఎన్ని?" అని అడిగారో, ఏదో పని గుర్తొచ్చినట్టు మొహం పెట్టి అవతలికి పోయేది.

ఈ జబ్బు అంటించింది పుంజు మేష్టారు. పూలమ్మ పిల్లగా ఉన్నప్పుడు ఆయన గోడ మీద కాకుల్ని చూపించి ఎన్నో చెప్పమన్నాడు. అవి ఏడు. పూలమ్మ లెక్కపెడుతుండగానే ఒక కాకి లేచిపోయింది. ఇప్పుడు ఆరనాలా, ఏడనాలా అని కంగారుపడి "ఎనిమిది" అనేసింది. మేష్టారు నడినెత్తిన ఒక్క పోటు పొడిచాడు. "ఈ బుర్రకి లెక్క అంటదర్రా!" అని పాకంతా వినబడేలా చెప్పాడు. పిల్లలందరూ నవ్వారు. ఆ మేష్టారు ఏనాడో చుట్టాల పులుసులోకి వెళ్ళిపోయాడు గానీ, ఆయన అన్న మాట మాత్రం పూలమ్మ నెత్తి మీదే ఉండిపోయింది.

పెద్దదైంది. గుడ్లు పెట్టింది. ఇంటివాళ్ళ కంట పడకుండా గడ్డివాము వెనక గూడు చేసుకుని పొదగడానికి కూర్చుంది. కోడిగుడ్డుకి ఇరవై ఒక్క రోజులని పాకలో అందరికీ తెలుసు. ఆ గడువు దాటితే అవి మురిగినట్టే, లేచి వచ్చెయ్యాలి. లేకపోతే తిండీ నీళ్ళూ లేక పెట్ట పుల్లలా అయిపోతుంది. అంతా బాగానే ఉంది. ఆ ఇరవై ఒకటి ఎప్పుడవుతుందో ఎలా తెలియాలి?

"బాబాయ్, కాస్త నా రోజులు చూసిపెట్టవూ?" అని అడిగింది పూలమ్మ.

"అంతకంటేనా అమ్మాయ్!" అన్నాడు చలమయ్య. "నీకెందుకు ఈ తలనొప్పి? నువ్వు హాయిగా కూర్చో. రోజూ పొద్దున్నే వచ్చి నేను చెప్పి పోతాగా."

వచ్చేవాడు పాపం, ఒక్క రోజు కూడా తప్పకుండా. "ఇవాళ్టికి పదకొండు," అనేవాడు. మర్నాడు "పన్నెండు" అనేవాడు. ఆ మర్నాడు "పద్నాలుగు" అనేవాడు. పూలమ్మ తల ఊపేది. పదిహేడు తర్వాత పంతొమ్మిది వచ్చినా తల ఊపేది. పది దాటాక అన్నీ ఒకే మాదిరిగా వినబడేవి ఆవిడకి.

అలా ఇరవై ఒకటి వచ్చేసింది. గుడ్లు మాత్రం పగల్లేదు.

"అయ్యో అమ్మాయ్, మురిగిపోయాయే!" అన్నాడు చలమయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ఇక లే. ఈ వాసనకి పాములొస్తాయి. నేను తీసుకెళ్ళి చేను అవతల పారేస్తాలే."

"నీకు శ్రమ ఇస్తున్నాను బాబాయ్," అంది పూలమ్మ ఏడుస్తూ.

ఇలా ఒకసారి కాదు, మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ వాడికి దణ్ణం పెట్టి మరీ గుడ్లు అప్పజెప్పింది.

మూడోసారి చలమయ్య చివరి గుడ్డును దొర్లించుకుంటూ పోతున్నాడు. అందులోంచి "కిచ్" అని సన్నగా వినబడింది.

"బాబాయ్! ఏదో అరిచింది!"

"మురిగిన గుడ్డులో గాలి తిరుగుతుందమ్మా, అదే చప్పుడు," అని ఆగకుండా పోయాడు చలమయ్య.

పూలమ్మ నమ్మింది. సాయంత్రం దాకా నమ్ముతూనే ఉంది. కానీ ఆ కిచ్ మాత్రం చెవిలోంచి పోవడం లేదు. ఇక ఉండబట్టలేక పాక గుమ్మం దగ్గర నెమరేస్తున్న ముసలి ఎద్దు దగ్గరికి వెళ్ళింది. దాని పేరు మైలన్న. ఒకప్పుడు ఈ చేలన్నీ దున్నిన ఎద్దు. ఇప్పుడు కొట్టంలో కూర్చుని దారిన పోయేవాళ్ళని చూస్తుంటాడు.

"తాతా, గుడ్డులో గాలి కిచ్ మంటుందా?"

మైలన్న నెమరు ఆపాడు.

"అనదు పిల్లా," అన్నాడు. "అది నీ బిడ్డే. నువ్వు కూర్చుంది పంతొమ్మిది రోజులే. మొన్నా అంతే, అంతకు ముందూ అంతే."

"నీకు తెలుసా?" అంది పూలమ్మ. ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "తెలిసీ ఊరుకున్నావా తాతా?"

"మొదటిసారి వాడు అంకె దాటేస్తుంటే నోరు జారిందనుకున్నాను. రెండోసారి అనుమానం వచ్చింది. మనకెందుకులే, పెద్దమనిషితో గొడవ అనుకున్నాను. నువ్వూ అడగలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. తప్పే, పిల్లా. తిట్టాలనుంటే తిట్టు."

పూలమ్మ తిట్టలేదు. తన బిడ్డల రోజులు తను చూసుకోలేక ఇంకొకడి చేతిలో పెట్టింది తనే కదా. మట్టిలో ముక్కు పెట్టుకుని అలాగే కూలబడింది. కాసేపటికి తలెత్తి, "నాకు లెక్క నేర్పు తాతా," అంది.

"నీ కాలికి ముందు వేళ్ళెన్ని?" అని అడిగాడు మైలన్న.

అంతే. పూలమ్మకి మేష్టారు కళ్ళ ముందుకొచ్చాడు. "నాకు మేతకెళ్ళే పనుంది," అని పరిగెత్తింది. ఆ రోజుకి పాఠం అయిపోయింది.

మర్నాడు తనే తిరిగి వచ్చింది. ఈసారి మైలన్న ఎన్ని అని అడగలేదు.

"లెక్కపెట్టకు. ఒక్కో వేలు ముందు ఒక్కో గింజ పెట్టు, చాలు."

పూలమ్మ పెట్టింది.

"వేలు లేని గింజ ఏదైనా ఉందా?"

"లేదు."

"గింజ లేని వేలు?"

"అదీ లేదు."

"మరి లెక్కంటే అదే పిల్లా. మిగతావన్నీ పేర్లు. వీటి పేరు మూడు."

"ఇంతేనా?" అంది పూలమ్మ. నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికా తను ఇన్నేళ్ళు దూరంగా పారిపోయింది? ఈ మూడు గింజలు అప్పుడే ఎవరో ఒకరు తన కాలి ముందు పెట్టి ఉంటే ఏమయ్యేది?

రోజూ నేర్చుకుంది. తేలిగ్గా ఏమీ రాలేదు లెండి. మిగతా కోళ్ళ పిల్లలు చుట్టూ చేరి, "పెద్దమ్మా, నీకింకా ఆరు తర్వాతేంటో తెలీదా?" అని పకపకా నవ్వేవి. పూలమ్మకి సిగ్గుతో మెడ ముడుచుకుపోయేది. "తెలీదర్రా, మీరు చెప్పండి," అనేది. అలా అనడం నేర్చుకోవడానికే వారం పట్టింది. పది దాటాక మళ్ళీ తడబడింది. అప్పుడు మైలన్న పది గడ్డిపరకలు కట్టకట్టించి, "ఇది ఒక పది. దీని పక్కన ఒకటి పెడితే పదకొండు, రెండు పెడితే పన్నెండు," అని చూపించాడు. పాఠం అవగానే ఆ పదినీ తాతే తినేసేవాడు. మర్నాడు మళ్ళీ కొత్తగా కట్ట కట్టుకోవలసి వచ్చేది. అలా కట్టగా కట్టగా పది అంటే భయం పోయింది.

నాలుగోసారి పూలమ్మ గూట్లో కూర్చుంది. ఈసారి పది గుడ్లు. పదని తనే చెప్పుకుంది.

"రోజులు నేను చూస్తాగా అమ్మాయ్," అంటూ చలమయ్య మామూలుగానే వచ్చాడు.

"నీ దయ బాబాయ్," అంది పూలమ్మ, ఎప్పటిలాగే.

పొద్దున్నే చలమయ్య రాకముందే ఒక గింజ తెచ్చి గడ్డి కింద దాచేది. గూడు వదిలి ఎక్కువసేపు మేతకు పోలేక కడుపు మాడిపోతున్న పెట్టకు గింజల మీద కూర్చుని తినకుండా ఉండటమంటే మాటలా? తొమ్మిదో రోజు ఒక గింజ ముక్కు దాకా వచ్చేసింది కూడా. అబ్బే అని మళ్ళీ పెట్టేసింది. పన్నెండు తర్వాత చలమయ్య పద్నాలుగన్నాడు. పూలమ్మ తల ఊపింది. గడ్డి కింద పదమూడో గింజని మాత్రం కాలితో తడుముకుంది. పదిహేడు తర్వాత పంతొమ్మిదన్నాడు. అప్పుడూ తల ఊపింది.

"అయ్యో అమ్మాయ్, ఇరవై ఒకటి! మళ్ళీ మురిగిపోయాయే! లే, లే," అన్నాడు చలమయ్య ఓ పొద్దున.

"ఉండు బాబాయ్, అందరినీ పిలిచాను," అంది పూలమ్మ.

నిజమే. బాతులొచ్చాయి, మేకలొచ్చాయి, కోళ్ళన్నీ వచ్చాయి. మైలన్న కూడా మెల్లగా లేచి వచ్చి గడ్డివాము పక్క సందుకు అడ్డంగా నిలబడ్డాడు.

పూలమ్మ గడ్డి తీసి గింజలు బయటికి లాగింది. పాకంతా తనవైపే చూస్తోంది. మేష్టారు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చాడు. రానీ అనుకుంది. ఒక్కో గింజనీ గోటితో పక్కకి జరుపుతూ ఒకటి, రెండు, మూడు అని పైకే చెప్పింది. పది దగ్గర ఆగి ఆ పదినీ ఒక కుప్ప చేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. తొందరపడలేదు. ఎవరూ నవ్వలేదు.

"పంతొమ్మిది," అంది చివరికి. "రోజుకో గింజ పెట్టాను. ఇరవై ఒకటైతే మిగతా రెండు గింజలేవి బాబాయ్?"

"నువ్వే తినేసుంటావ్!" అన్నాడు చలమయ్య. "కోడివి, గింజలు దాచుకున్నానంటే నమ్మమంటావా?"

ఒకరిద్దరు తలలూపారు కూడా.

"నేనూ లెక్కపెట్టాను చలమయ్యా," అన్నాడు మైలన్న. "పంతొమ్మిదే. ఈ మాట ఏడాది కిందటే చెప్పాల్సింది."

"గొడవెందుకు?" అంది పూలమ్మ. "రెండు రోజులు ఆగుదాం. మురిగితే అన్నీ నీవే, పట్టుకుపో. కానీ అప్పటిదాకా నువ్వు ఇక్కడే మా అందరి మధ్యా కూర్చోవాలి. పెద్దమనిషివి, సాక్షిగా ఉండాలి కదా."

వెళ్తానంటే దొంగ అని ఒప్పుకున్నట్టే. అటు చూస్తే మైలన్న కొమ్ములు. చలమయ్య కూర్చున్నాడు. మూరెడు దూరంలో పది గుడ్లు, కడుపులో ఆకలి, చుట్టూ ముప్ఫై పైచిలుకు జతల కళ్ళు. రెండు రోజులు గుటకలు మింగుతూ గడిపాడు.

ఇరవై ఒకటో గింజ పెట్టిన పొద్దున మొదటి గుడ్డు పగిలింది. మధ్యాహ్నానికి తొమ్మిది పిల్లలు తడి ఈకలతో బయటపడ్డాయి. పదో గుడ్డు మాత్రం కదల్లేదు.

పూలమ్మ దాన్ని ముక్కుతో దొర్లించుకుంటూ వచ్చి చలమయ్య ముందు పెట్టింది. "ఇది నిజంగానే మురిగింది బాబాయ్. మాటంటే మాటే, తీసుకెళ్ళు."

బాతులు పడీ పడీ నవ్వాయి. చలమయ్య ఆ గుడ్డును అక్కడే వదిలేసి, తలొంచుకుని చేనులోకి పోయాడు. మళ్ళీ ఆ పాక వైపు రాలేదు. ఆ రోజు నుంచి మేకలూ బాతులూ కూడా గడ్డిపరకలు పట్టుకుని మైలన్న దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాయి.

సందడంతా సద్దుమణిగాక పూలమ్మ పిల్లల్ని రెక్కల కింద సర్దుకుని ఎద్దు పక్కన కూర్చుంది. అక్కడ రాలిన మొక్కజొన్న గింజలున్నాయి. ఒక్కొక్కటే ముందుకు లాగడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు పిల్లా?"

"పోయినవి. అప్పుడు లెక్క రాదు గానీ, ఒక్కోటీ గుర్తుంది తాతా. ఇది కొనకి మచ్చ ఉన్నది. ఇది అన్నిటికన్నా చిన్నది. ఇది కిచ్ మన్నది."

మొదటి కాన్పుకి తొమ్మిది వచ్చాయి. రెండోదానికి పదకొండు. రెండూ కలిపి రెండు పదులని కుప్పలు చేసింది. మూడోదానికి ఎనిమిది. తప్పు చెబుతానేమోనని మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది. తప్పు రాలేదు.

"ఇరవై ఎనిమిది," అంది.

"సరిగ్గా చెప్పావు," అన్నాడు మైలన్న.

"సరైతే ఏం లాభం తాతా," అంది పూలమ్మ. రెక్కల కింద ఉన్న తొమ్మిదినీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

నేర్చుకోవడానికి సిగ్గుపడినన్నాళ్ళూ మన లెక్క ఇంకొకడే చెబుతాడు, వాడికి కావలసినట్టే చెబుతాడు.